నీళ్ళ వెంట గ్రావెల్ సైకిల్: కాలువ గట్లు, ఏటి లోయలు ఎలా తొక్కాలి

గ్రావెల్ సైకిల్ అంటే మట్టి, గరుసు దారుల మీద తొక్కడానికి వెడల్పు టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉన్న సైకిల్, అది కొన్న కొత్తల్లో అందరి చూపూ కొండదారుల మీదే ఉంటుంది, నాదీ అంతే ఉండేది, కానీ ఇన్నేళ్ళు తొక్కాక మొదటి పెద్ద రైడ్ ఎక్కడ చెయ్యమంటారు అని ఎవరైనా అడిగితే ఆలోచించకుండా చెప్పే మాట ఒకటే, నీళ్ళ పక్కన చెయ్యండి. కాలువ గట్టు గానీ ఏటి లోయ గానీ. కార్ల గోల తక్కువ, దారి తప్పే భయం తక్కువ, ఎక్కుడు తక్కువ, మధ్యమధ్యలో ఊళ్ళు తగుల్తూనే ఉంటాయి. అయితే చదునే కదా తేలిగ్గా అయిపోతుందిలే అనుకుని వెళ్ళినవాళ్ళే మధ్యాహ్నానికి చేతులు తిమ్మిరెక్కి, ఎదురుగాలికి ఒళ్ళు అలిసిపోయి, అవతలి గట్టు మీద మంచి రోడ్డు కనపడుతున్నా దాటే దారి లేక కూలబడిపోతారు. ఇవన్నీ ముందే తెలుసుకోవచ్చు. ఎక్కుడు ఎక్కడుంది, గాలి ఎటు, నేల ఎలా ఉండబోతోంది, బయటపడే దారి ఎక్కడ, ఇవన్నీ పక్కన ఉన్న నీళ్ళే చెప్తాయి, చూడ్డం అలవాటు చేసుకుంటే చాలు.

ముందు కాలువకీ ఏటికీ తేడా

కాలువ మనిషి తవ్వింది. అందులో నీళ్ళు ఉరకకూడదు, నిదానంగా పారాలి లేదా నిలబడాలి, అందుకని తవ్వేవాళ్ళు ఎత్తు మారని నేలని వెతుక్కుంటూ కొండల చుట్టూ తిప్పుకుంటూ పోతారు. మ్యాప్‌లో కాలువ వంకరటింకరగా పోతోందంటే అది ఒకే ఎత్తు పట్టుకుని పోతోందని అర్థం, గట్టు మీద మీకు ఎక్కుడు ఉండదు. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతోందంటే నేలే బల్లపరుపుగా ఉండాలి, లేకపోతే మధ్యలో లాకులు (పడవని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల తొట్లు) గానీ సొరంగం గానీ ఉండాలి. పడవల కాలువల మీద ఎత్తంతా లాకుల దగ్గరే వస్తుంది, రెండు లాకుల మధ్య బల్లలా ఉంటుంది, లాకు దగ్గర మాత్రం కొద్ది దూరం నిటారుగా ఎక్కిస్తుంది.

అమెరికాలో చెసపీక్ అండ్ ఒహాయో కాలువ తీసుకోండి, వాషింగ్టన్ లోని జార్జ్‌టౌన్ నుంచి కంబర్లాండ్ దాకా దాదాపు 297 కిలోమీటర్లు, ఎత్తు తేడా మొత్తం 184 మీటర్లు, దానికి 74 లాకులు. అంటే సగటున నాలుగు కిలోమీటర్లకి ఒక లాకు, లాకుకి రెండున్నర మీటర్ల ఎక్కుడు. లాకులు లెక్కపెడితే ఎక్కుడు లెక్క వచ్చేసినట్టే. అక్కడ మనం తొక్కేది ఒకప్పుడు కంచరగాడిదలు పడవల్ని తాళ్ళతో లాగుతూ నడిచిన దారి, దాన్నే టోపాత్ అంటారు. 1924 వరద తర్వాత పడవలు ఆగిపోయాయి, తర్వాత దాని మీదుగా కార్ల రోడ్డు వేద్దామన్న ఆలోచన వస్తే సుప్రీంకోర్టు జడ్జి విలియం ఓ. డగ్లస్ 1954లో ఆ దారంతా నడిచి అది ఎందుకు మిగలాలో చూపించారు, 1971లో అది నేషనల్ హిస్టారికల్ పార్క్ అయింది. ఇలాంటి దారి మీద చక్రం పెట్టినప్పుడల్లా ఎవరో నడిచి కాపాడారు కదా అన్న సంగతి నాకు గుర్తొస్తుంది.

లాకు దగ్గరకొస్తే ఒక్క నిమిషం ఆగి తలుపులు చూడండి. రెండు పెద్ద తలుపులు మూసి ఉన్నప్పుడు అవి తిన్నగా ఒక గీతలా ఉండవు, మధ్యలో మొన తేలి ఒక వైపుకి పొడుచుకొచ్చి ఉంటాయి, ఆ మొన ఎప్పుడూ ఎగువ నీటి వైపే చూస్తుంది. నీటి బరువే రెండు తలుపుల్నీ ఒకదానికొకటి అదిమి పెట్టాలని అలా కడతారు. ఫోన్ తియ్యక్కర్లేకుండా మీరు ఎగువకి పోతున్నారో దిగువకి పోతున్నారో తెలిసిపోతుంది.

ఏటి సంగతి వేరు. ఏటి పక్కన దారి అనగానే అది కూడా చదునే అనుకుంటాం, కానీ ఏట్లో నీళ్ళు చదునుగా పోతాయి గానీ దారి పోదు. ప్రతి వాగూ వచ్చి ఏట్లో కలిసేచోట దారి కిందికి దిగి మళ్ళీ ఎక్కుతుంది, ఒక్కోటి చిన్నదే, ఇరవై ముప్ఫై అయ్యేసరికి కాళ్ళు చెప్తాయి. లోయ ఇరుకైన చోట దారి నీటిని వదిలేసి కొండ మీదకి పోయి అవతల దిగుతుంది. కాబట్టి మ్యాప్‌లో ముందు లెక్కపెట్టాల్సింది ఏటిలో కలిసే వాగులు, తర్వాత ఎత్తు చూపించే కాంటూరు గీతలు దగ్గర దగ్గరగా వచ్చి ఏటిని నొక్కేసే చోట్లు.

ఇంకోటి, ఏటి మలుపుల్లో బయటి వంపు, లోపలి వంపు ఒకలా ఉండవు. బయటి వంపులో నీళ్ళు వేగంగా కొట్టి గట్టుని కింద నుంచి తినేస్తాయి, పైన గడ్డి బాగానే కనపడుతుంది, కింద మట్టి ఉండదు, అందుకే బయటి వంపు మీద అంచుకి ఒకటి రెండు మీటర్లు ఎడంగా తొక్కండి. లోపలి వంపులో నీళ్ళు నెమ్మదించి ఇసుక మేట వేస్తాయి, దారి అక్కడి గుండా పోతే టైరు కూరుకుపోతుందని ముందే తెలిసిపోయి గేరు తగ్గించుకోవచ్చు.

ఏ గట్టు ఎక్కాలి

ఇది చాలామంది అస్సలు పట్టించుకోని ప్రశ్న, నా దృష్టిలో మొత్తం ప్లానింగ్‌లో అన్నిటికంటే ముఖ్యమైంది. కాలువకి రెండు గట్లు, ఒకసారి ఎక్కాక వంతెన వచ్చేదాకా మీరు దానికే కట్టుబడిపోతారు. నేను ఒకసారి ఉపగ్రహ ఫోటోలో రెండు గట్ల మీదా దారి కనపడితే చెట్ల నీడ ఉంది కదా అని ఎడమ గట్టు ఎక్కా. 9 కిలోమీటర్లు బ్రహ్మాండంగా ఉంది, తర్వాత దారి సన్నబడింది, తర్వాత మోకాలెత్తు గడ్డి, తర్వాత ముళ్ళకంప, ఆఖరికి ఒక పిల్లకాలువ చీలేచోట దారే లేదు. అవతల గట్టు మీద జీపులు తిరిగే మంచి గరుసు రోడ్డు ఇరవై మీటర్ల దూరంలో కనపడుతోంది, మధ్యలో నిండు కాలువ. వెనక్కి 9 కిలోమీటర్లు తొక్కి వంతెన దగ్గర మారాను, ఎండ నడినెత్తికొచ్చింది, నీళ్ళ బాటిల్ ఒకటే మిగిలింది.

అప్పటినుంచి చేసే పని ఇది. ఇంట్లో కూర్చుని ఉపగ్రహ ఫోటోలో కాలువ వెంట వేలు పెట్టి వెళ్తా, వంతెనలన్నీ గుర్తు పెట్టుకుంటా, వాటి మధ్య దూరాలు ఒక కాగితం మీద రాసుకుంటా. రెండు వంతెనల మధ్య 6 కిలోమీటర్లు దాటితే అక్కడ ఏదైనా అయితే నడిచి బయటపడ్డానికి ముప్పావు గంట పైనే పట్టొచ్చని లెక్క. కొండపక్కన పోయే కాలువకి చాలావరకు పల్లం వైపు గట్టే గట్టిగా, వెడల్పుగా కట్టి ఉంటుంది, నీటిని ఆపేది అదే కాబట్టి, జీపులు తిరిగే దారీ దాని మీదే ఉంటుంది. ఎగువ పక్క చాలాసార్లు గట్టే ఉండదు, కొండవాలే ఉంటుంది, వాన నీళ్ళు వచ్చి పడే చోట్ల తెగిపోయి కూడా ఉంటుంది. అనుమానం వస్తే పల్లం గట్టు ఎక్కండి. పొలాలకి నీళ్ళు వదిలే తూములు కూడా ఆ పక్కే ఉంటాయి, చిన్న తూములైతే దారి వాటి పైనుంచే పోతుంది, పెద్ద పిల్లకాలువ చీలేచోట మాత్రం పైన స్లాబు ఉందో లేదో ఫోటో పెద్దది చేసి చూస్కోండి.

పాత పడవల కాలువల మీద దారి ఒక్కోచోట గట్టు మారుతుంది. లాగే గుర్రం అవతలికి పోవాలి, తాడు విప్పకూడదు, అందుకని వంతెన ర్యాంపుని మెలి తిప్పి అదే వంతెన కిందకి తెచ్చేవాళ్ళు, ఇంగ్లండ్‌లో మాకిల్స్‌ఫీల్డ్ కాలువ మీద ఇలాంటివి ఇప్పటికీ ఉన్నాయి, పాము చుట్టలా ఉంటాయని స్నేక్ బ్రిడ్జ్‌లు అంటారు. తిన్నగా పోతే దారి ఆగిపోయినట్టు కనపడుతుంది, ఆగిపోలేదు, వంతెన ఎక్కండి. ఆ పాత వంతెనల రాతి మూలల్లో వేలు పట్టేంత లోతు గాళ్ళు కనపడతాయి, తడి తాళ్ళు ఏళ్ళ తరబడి ఒరుసుకుని పడ్డ కోతలు అవి, ఆగి చెయ్యి పెట్టి చూడండి. ర్యాంపుల మీద అడ్డంగా పొడుచుకొచ్చిన ఇటుక వరసలు కూడా గుర్రం డెక్క జారకుండా పెట్టినవే, అవి వానలో మన టైరుకి జారుడుబండలు, అక్కడ బ్రేకు గట్టిగా పట్టకుండా తిన్నగా దిగండి.

నేల ఎలాంటిదో తెలుసుకోడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పనికొస్తుంది. మట్టిదారులకి అందులో గ్రేడ్ 1 నుంచి గ్రేడ్ 5 దాకా గుర్తులుంటాయి, 1 అంటే గట్టి రోడ్డు, 5 అంటే మెత్తటి నేల, గడ్డి. గ్రావెల్ టైరుకి 2, 3 హాయిగా ఉంటాయి, 4 ఎండాకాలంలో ఫర్వాలేదు, 5 అని కనపడితే నేను నడకే అనుకుని టైం లెక్క వేసుకుంటా. ఎవరో ఒకరు చూసి పెట్టిన గుర్తులే కాబట్టి ఫోటోతో పోల్చి చూడ్డం మానకండి.

గాలి

నీళ్ళ పక్కన మీకు కొండ ఉండదు, గాలే మీ కొండ. గాలిని కోసుకుంటూ పోడానికి కావల్సిన శక్తి వేగానికి మూడో ఘాతంలో పెరుగుతుంది, కాబట్టి ఎదురుగాలిలో పంతానికి పోయి మామూలు వేగం పట్టాలని చూడకండి, రెండు గేర్లు దించేసి, మోచేతులు మడిచి, గంటకి 13, 14 కిలోమీటర్లకి ఒప్పుకోండి.

కొండల మధ్య లోయల్లో మాత్రం గాలికి ఒక టైంటేబుల్ ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఎండకి కొండవాలులు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, దాని చోటు నింపడానికి లోయలో గాలి దిగువ నుంచి ఎగువకి వీస్తుంది, మధ్యాహ్నానికి బాగా జోరందుకుంటుంది. రాత్రి చల్లబడ్డాక అదే గాలి తిరగబడి ఎగువ నుంచి దిగువకి జారుతుంది, తెల్లవారాక కూడా కాసేపు అలాగే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో రోన్ నది లోయలో మధ్యాహ్నం గాలి దీనికి పేరుపడ్డ ఉదాహరణ, మార్టిన్యీ దగ్గర చెట్లు కూడా ఎగువ వైపుకి ఒరిగి పెరిగి ఉంటాయి. దీని వల్ల మనకి ఏంటంటే, పొద్దున్నే ఎగువకి ఎక్కేసి సాయంత్రం హాయిగా దిగుదాం అని అందరికీ అనిపించే ప్లాన్ ఇక్కడ తలకిందులు, అలా చేస్తే రెండు వైపులా ఎదురుగాలే. పొద్దున్నే దిగువకి వెళ్ళండి, మధ్యాహ్నం వెనకగాలి తోస్తుంటే ఎగువకి రండి. లోయ వాలు ఎలాగూ తక్కువే కాబట్టి గాలి సాయం ముందు ఆ ఎక్కుడు పెద్ద లెక్కలోది కాదు. పెద్ద తుఫాను గాలో రుతుపవనమో నడుస్తున్నప్పుడు ఈ టైంటేబుల్ పనిచెయ్యదు, అప్పుడు మామూలుగా వాతావరణం యాప్ చూసి పోతూ ఎదురుగాలి, వస్తూ వెనకగాలి ఉండేలా పెట్టుకోండి.

కరకట్టల మీద తొక్కేటప్పుడు ఇంకో చిట్కా. కట్ట పైన ఉంటే చుట్టూ పొలాల కంటే నాలుగైదు మీటర్లు ఎత్తులో ఉంటారు, గాలికి అడ్డం ఏమీ ఉండదు. గాలి మరీ కొడుతుంటే కట్టకి అవతల, గాలి మాటున కింద బండ్లదారి ఏదైనా ఉందేమో చూడండి, దృశ్యం తగ్గుతుంది గానీ ఒళ్ళు దక్కుతుంది. గాలి ఎటు మారిందో నీళ్ళ మీద ముడతలు, రెల్లు ఒరిగిన తీరు చూస్తే అర కిలోమీటరు ముందే తెలుస్తుంది.

సైకిల్, టైర్లు

దీని మీద జనం ఎక్కువ మాట్లాడతారు, నేను తక్కువే చెప్తా. 40 నుంచి 45 మిల్లీమీటర్ల టైరు, నడుమ కాస్త నున్నగా ఉండి పక్కల గుబ్బలున్నది అయితే గట్ల మీద నూటికి తొంభై చోట్ల సరిపోతుంది. ట్యూబ్‌లెస్ చేయించుకోండి, ఇందులో మాత్రం నేను మొండివాణ్ణి, ఎందుకంటే నీళ్ళ పక్కన ముళ్ళు ఖాయం. పల్లేరు కాయలే చూడండి, ప్రపంచంలో ఎక్కడ ఎండ నేల ఉంటే అక్కడ పాకేశాయి, అమెరికా పడమటి రాష్ట్రాల్లో వాటిని గోట్‌హెడ్ అంటారు, అక్కడి సైకిల్ వాళ్ళకి అదొక పీడకల. ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, ఒక్క మీటరు పక్కకి ఒరిగి గడ్డిలోకి పోతే ఒకేసారి పది గుచ్చుకుంటాయి. టైరులో చిల్లులు పూడ్చే ద్రవం, సీలెంట్, ఉంటే గుచ్చుకున్నవి పీకాక చక్రం తిప్పితే తెల్లగా బుడగ వచ్చి ఆగిపోతుంది. సీలెంట్ రెండు నుంచి ఆరు నెలల్లో ఎండిపోతుంది, పెద్ద రైడ్‌కి ముందు చక్రం చెవి దగ్గర పెట్టి ఊపండి, గలగల వినపడకపోతే కొత్తది పొయ్యండి. టైరు చిల్లుల్లో దూర్చే ప్లగ్గులు, ఒక ట్యూబు, పంపు మాత్రం ఎప్పుడూ దగ్గరుండాలి. ట్యూబు ఎక్కించాల్సి వస్తే ముందు టైరు లోపలంతా వేళ్ళతో జాగ్రత్తగా తడిమి విరిగిన ముళ్ళు తీసెయ్యండి, లేకపోతే కొత్త ట్యూబు పది నిమిషాల్లో పోతుంది.

గాలి ఒత్తిడి విషయానికొస్తే 70 కిలోల మనిషికి 40 టైరులో 30 నుంచి 35 పీఎస్ఐ మధ్య మొదలుపెట్టి, ముందు చక్రంలో వెనకదాని కంటే రెండు మూడు తక్కువ ఉంచుకోండి. సామాను ఉంటే కొంచెం పెంచండి. రిమ్ రాయికి కొట్టుకుంటుంటే తక్కువైనట్టు, చేతులు అదిరిపోతుంటే ఎక్కువైనట్టు.

గేర్లకి ముందు 40 పళ్ళ చక్రం ఒకటి, వెనక 11 నుంచి 42 పళ్ళ దాకా ఉండే క్యాసెట్ చాలు. అతి చిన్న గేరు లాకుల ర్యాంపులకీ, ఏటి లోయ బయటికి ఎక్కే దారులకీ కావాలి.

నేలని చదవడం, బురద సంగతి

పొడిగా ఉన్న గరుసు దారి మీద కొత్తవాళ్ళు చేసే తప్పు ముందు చక్రం దగ్గరే చూస్తూ పోవడం. పది పదిహేను మీటర్లు ముందు చూడండి, చేతులు వదులుగా పెట్టండి, సైకిల్ కొంచెం అటూ ఇటూ అయినా కానివ్వండి, అదే సర్దుకుంటుంది. జీపులు ఎక్కువ తిరిగేచోట నేల అలలు అలలుగా గట్టిపడి ఉంటుంది, అక్కడ అంచునో, రెండు చక్రాల జాడల మధ్య గడ్డి వరసనో పట్టుకోండి. ఇసుక వస్తే ముందే చిన్న గేరు వేసి, బరువు వెనక్కి జరిపి, తొక్కడం ఆపకుండా, హ్యాండిల్ తిప్పకుండా దాటండి. చెట్ల వేళ్ళు ఇంకో సంగతి. ఫ్రాన్స్‌లో కెనాల్ దు మిది ఉంది కదా, పియేర్ పాల్ రికే కట్టించింది, 1681కి పూర్తయిన 240 కిలోమీటర్ల కాలువ, దాని గట్టు పొడుగునా నాటిన ప్లేన్ చెట్లు దానికి అందం, తెగులు సోకి ఈమధ్య చాలావాటిని కొట్టేశారు గానీ, దారి మీదకి పొడుచుకొచ్చిన వాటి వేళ్ళు మాత్రం తొక్కేవాళ్ళకి పరీక్ష. నీడలో వేళ్ళు కనపడవు, ఎండ నుంచి నీడలోకి పోయేముందే వేగం తగ్గించాలి, వేళ్ళని అడ్డంగా దాటాలి గానీ వాటి వెంట పోకూడదు.

ఇక బురద. కాలువ గట్లు చాలావరకు నీరు ఇంకిపోకుండా బంకమట్టితోనే కట్టి ఉంటాయి, లోయ అడుగున ఒండ్రు మట్టి ఉంటుంది, రెండూ ఎండితే సిమెంటు రోడ్డు, తడిస్తే జిగురు. ఇది సరదాకి చెప్పట్లేదు, నేను ఒక వాన మర్నాడు రెండు కిలోమీటర్ల ముక్క ఎలాగోలా దాటేద్దామని బలవంతంగా తొక్కా, మట్టి ఫోర్కులో నిండింది, చైన్ మీద చేరింది, ఇంకో నాలుగు తొక్కులు గట్టిగా తొక్కేసరికి టప్ మని శబ్దం వచ్చి గేర్లు మార్చే వెనక డెరైలర్‌ని పట్టి ఉంచే హ్యాంగర్ విరిగి డెరైలర్ చువ్వల్లోకి పోయింది. ఆరు కిలోమీటర్లు మోసుకుంటూ నడిచా. పోటీల్లో తిరిగేవాళ్ళకీ ఇదే జరుగుతుంది, కాన్సాస్‌లో 200 మైళ్ళ అన్‌బౌండ్ గ్రావెల్ రేసులో 2023లో మొదట్లోనే బురద తగిలి ఎంతోమంది సైకిళ్ళు భుజాన వేసుకుని నడిచారు, చాలా డెరైలర్లు అక్కడే విరిగాయి. అందుకే చక్రం బరువెక్కుతున్నట్టు అనిపించిన మొదటి క్షణంలోనే దిగండి. నడిపించడం కూడా వద్దు, చక్రం తిరిగితే మట్టి పేరుకుంటూనే ఉంటుంది, ఎత్తుకోండి, లేదా పక్కనున్న గడ్డి మీద నడిపించండి. ఒక చదునైన పుల్ల జేబులో ఉంటే ఫోర్కు, చైన్ దగ్గర గోకడానికి బంగారంలా పనికొస్తుంది. మీ సైకిల్‌కి సరిపోయే హ్యాంగర్ ఒకటి అదనంగా కొని సీటు బ్యాగులో పడెయ్యండి. అసలైతే పెద్ద వాన పడ్డాక రెండు రోజులు ఆగడమే మంచిది, మనం లోతుగా వేసిన గాడి ఎండాక అందరికీ అలాగే మిగిలిపోతుంది.

నీళ్ళతో జాగ్రత్త

ఇది మాత్రం దయచేసి పూర్తిగా చదవండి.

సిమెంటు లైనింగ్ ఉన్న సాగునీటి కాలువ చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది. కానీ దాని గోడలు వాలుగా ఉంటాయి, నీటి మట్టం దగ్గర పాకుడు పట్టి ఉంటుంది, నీటి వేగం పైకి కనపడదు. కాలు జారి పడ్డ మనిషి, ఈత బాగా వచ్చినా సరే, ఆ గోడ పట్టుకుని పైకి రావడం చాలా కష్టం. అంతకంటే ప్రమాదం సైఫన్లు, కాలువ ఒక వాగునో రోడ్డునో దాటాల్సిన చోట నీళ్ళు మొత్తం నేల కింద గొట్టంలోకి దిగి అవతల తేలతాయి, పైన నీళ్ళు మాయమైనట్టు ఉంటుంది. అందుకే చేతులు కడుక్కోడానికని, బాటిల్ నింపడానికని, ఫోటో కోసమని లైనింగ్ మీదకి దిగకండి. మెట్లు ఉన్నచోట మాత్రమే, ఒకరు పైన నిలబడి ఉంటేనే. పొరపాటున ఎవరైనా పడితే వెంటనే దూకొద్దు, గట్టు వెంట పరుగెత్తి ముందున్న మెట్ల దగ్గరో గొలుసు దగ్గరో తాడో, సైకిల్ ట్యూబో, పొడవాటి కర్రో అందించండి. పడింది మీరే అయితే ప్రవాహానికి ఎదురీదకుండా తేలుతూ పక్కకి జరుగుతూ మెట్లు, నిచ్చెన కోసం చూడండి.

తొక్కేటప్పుడు ఇద్దరు పక్కపక్కన పోతూ మాట్లాడుకోవడం అందరికీ ఇష్టమే, గట్టు మీద మాత్రం ఒకరి వెనక ఒకరు, నీటి అంచుకి మీటరు ఎడంగా.

ఏటి దారుల్లో చప్టాలు వస్తాయి. పైన నీళ్ళు పారుతుంటే ముందు ఆగి, సైకిల్ పక్కన పెట్టి, ఒక కర్ర ముంచి చూడండి. వేగంగా పారే నీళ్ళు 15 సెంటీమీటర్ల లోతే ఉన్నా పెద్ద మనిషిని పడగొట్టగలవు. అడుగు కనపడకపోయినా, నీళ్ళు బురదరంగులో ఉన్నా, కొమ్మలు కొట్టుకొస్తున్నా దాటొద్దు, ఎగువన వాన పడుతోందని అర్థం, ఇంకా పెరుగుతుంది. చీలమండ లోపే ఉండి, నిదానంగా ఉంటే చిన్న గేరులో, బ్రేకు ముట్టకుండా, తిన్నగా పోండి, చప్టా మీద పాకుడు గాజులా జారుతుంది. బూటుని పట్టి ఉంచే క్లిప్పు పెడల్స్ ఉన్నవాళ్ళు ఒక కాలు ముందే విప్పుకోండి.

తాగేనీళ్ళ విషయం. సాగు కాలువ నీళ్ళు ఫిల్టర్ ఉన్నా తాగొద్దు, ఫిల్టర్ క్రిముల్ని ఆపుతుంది గానీ పొలాల నుంచి దిగే పురుగుమందుని మామూలు ఫిల్టర్ ఆపదు. చుట్టూ నీళ్ళుండి దాహంతో ఉండటం వింతగానే ఉంటుంది గానీ రెండు పెద్ద బాటిళ్ళు నింపుకునే బయల్దేరండి, వంతెనల లిస్టు రాసుకున్న కాగితం మీదే ఏ వంతెన దగ్గర ఊరు ఉందో కూడా రాసుకోండి.

మనుషులు, పశువులు

గట్టు మన కోసం కట్టింది కాదు. నీళ్ళు వదిలేవాళ్ళది, పొలానికి పోయేవాళ్ళది, పశువులు తోలుకునేవాళ్ళది. గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూసెయ్యండి, తెరిచి ఉంటే తెరిచే వదిలెయ్యండి. బోర్డు వద్దంటే వద్దు. వెనకనుంచి వస్తూ గట్టిగా అరిచే కంటే దూరం నుంచే బెల్లు ఒకసారి కొట్టి, వాళ్ళు తిరిగి చూసేదాకా ఆగి, నడిచేంత వేగంతో దాటండి, రెండు మాటలు పలకరిస్తే ముందు దారి ఎలా ఉందో ఏ యాప్ చెప్పనంత బాగా చెప్తారు. పశువులు ఎదురైతే దిగి, నీటి వైపు వాటిని నెట్టకుండా, ఒక పక్కకి నిలబడి పోనివ్వండి. గూళ్ళ కాలంలో బాతులు, హంసలు దారికి అడ్డంగా నిలబడి బుసకొడతాయి, వాటికీ అదే మర్యాద. యూరప్ కాలువల మీద చేపలు పట్టేవాళ్ళ గాలపు కర్రలు పది మీటర్లు దాటి ఉంటాయి, వాళ్ళు వాటిని వెనక్కి తోసేటప్పుడు దారికి అడ్డంగా మెడ ఎత్తులో వస్తాయి, సన్నగా నల్లగా ఉండి కనపడవు. నీటి పక్కన కుర్చీ, బకెట్టు కనపడితే బ్రేకు మీద వేలు పెట్టండి.

ఒళ్ళు

చదును దారిలో ఒంటికి విశ్రాంతి ఉండదు. కొండ దారిలో దిగేటప్పుడు కాళ్ళు ఆగుతాయి, ఎక్కేటప్పుడు లేచి నిలబడతాం, గట్టు మీద నాలుగు గంటలు ఒకే కూర్చోడం, ఒకే తొక్కడం. అరచేతి చివర నరం నొక్కుకుపోయి చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కడం దీని వల్లే. పది నిమిషాలకోసారి, వంతెన కనపడితేనో కిలోమీటరు రాయి కనపడితేనో, సీటు మీంచి లేచి ఇరవై తొక్కులు నిలబడి తొక్కండి, చేతుల చోటు మార్చండి, పైన కాసేపు, బ్రేకు హుడ్ల మీద కాసేపు, కింద వంపులో కాసేపు. ఆకలి కాకముందే తినండి, చదునులో అలసట ఒకేసారి వచ్చి పడుతుంది. లోయ అడుగున తెల్లవారుజామున చల్లగాలి నిలవ ఉంటుంది, పైన ఊళ్ళో వెచ్చగా ఉన్నా కింద మంచు పట్టి ఉంటుంది, పల్చటి జాకెట్ ఒకటి, ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. సాయంత్రం నీటి మీద పురుగులు లేస్తాయి, రంగులేని కళ్ళద్దాలు పెట్టుకోండి. సొరంగాలున్న కాలువైతే లైటు లేకుండా అసలు వెళ్ళొద్దు, ముందు చెప్పిన చెసపీక్ కాలువ మీద పా పా సొరంగం దాదాపు 950 మీటర్లు, లోపల చీకటి, దారి ఇరుకు, దిగి నడవాల్సిందే.

మొదటిసారికి

పోయి అదే దారిన తిరిగొచ్చే 40 కిలోమీటర్లు పెట్టుకోండి. చుట్టుదారి వద్దు, వచ్చిన దారి ఎలా ఉందో తెలుసు కాబట్టి తిరుగు ప్రయాణం టైం కచ్చితంగా లెక్క కట్టొచ్చు. గంటకి 15 కిలోమీటర్ల లెక్కన మూడు గంటల లోపు తొక్కుడు, ఆగడాలకి ఇంకో గంట. వెలుతురున్న టైంలో మూడో వంతు అయిపోగానే ఎక్కడున్నా వెనక్కి తిరగండి, 20 కిలోమీటర్లు కాకపోయినా సరే. ఇంటికొచ్చాక చైన్ మీద దుమ్ము గుడ్డతో తుడిచి, ఆరాక నూనె వేసి, టైర్లలో ఇరుక్కున్న ముళ్ళు ఒక్కొక్కటీ చూసి, బ్రేకు ప్యాడ్లు ఎంత అరిగాయో చూడండి, ఆ గరుసు దుమ్ముకి అవి తొందరగా పోతాయి. తర్వాత ఆ వంతెనల కాగితం మళ్ళీ తియ్యండి. ఏ వంతెన దగ్గర గేటు ఉంది, ఎక్కడ బోరింగు పనిచేస్తోంది, ఏ గట్టు మీద ఎన్నో కిలోమీటరు దగ్గర పల్లేరు ఉంది, ఏ చప్టా కుంగింది, గుర్తున్నంతా ఆ రాత్రే రాసెయ్యండి. నా దగ్గర ఇలాంటి కాగితాలు ఒక పెట్టెడు ఉన్నాయి, కొత్తగా ఎవరైనా తొక్కుతా అంటే మ్యాప్ కంటే ముందు వాటినే ఫోటో తీసి పంపిస్తా.